ఆబ్జెక్ట్ తీసుకుంది సరే, ఆ తర్వాత?

కుబెర్నెటీస్ (చాలా కంప్యూటర్ల మీద కంటెయినర్లను, అంటే ప్రోగ్రామ్‌లను ప్యాక్ చేసిన పెట్టెలను, నడిపే సాఫ్ట్‌వేర్) కోడ్ మీద కట్టిన ఏదైనా కంట్రోల్ ప్లేన్‌ని, అంటే ఏం కావాలో ఆదేశాలు తీసుకునే భాగాన్ని, చూపించి "ఇందులో ఏయే బిల్ట్-ఇన్ ఏపీఐలు (పుట్టుకతో తెలిసిన ఆబ్జెక్ట్ రకాలు) పనిచేస్తాయి?" అని అడిగితే "కుబెర్నెటీస్‌వే, కాకపోతే అన్నీ ఉండవు" అంటారు. కంట్రోల్ ప్లేన్ సాఫ్ట్‌వేర్‌తో పని ఉన్న ఎవరికైనా ఈ జవాబు పరిచయమే. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ దీన్ని నమ్ముకుని ఎవరూ ఏదీ కట్టలేరు. ఉండనివి ఏవో చెప్పరు. ఉన్నవాటిలో నిజంగా పనిచేసేవి ఎన్ని, పేరుకు మాత్రం ఉన్నవి ఎన్ని అన్నది అసలే చెప్పరు. నా గోడు మొత్తం ఈ రెండో దాని గురించే.

కుబెర్నెటీస్‌లో రెండు పెద్ద ముక్కలున్నాయి. ఒకటి కంటెయినర్లను నడిపే యంత్రాంగం: షెడ్యూలర్, ప్రతి నోడ్ (కంటెయినర్లు నడిచే కంప్యూటర్) మీదా కూర్చునే కుబ్‌లెట్, నెట్‌వర్క్, డిస్కులు. రెండోది వీటన్నిటికీ ముందు నిలబడే ఏపీఐ సర్వర్. మనకేం కావాలో ఒక ఆబ్జెక్ట్‌గా రాసిస్తే అది సరిచూస్తుంది, ఈటీసీడీ అనే డేటాబేస్‌లో దాస్తుంది, కనిపెట్టుకుని ఉండి అసలు పని చేసే కంట్రోలర్లు అనే ప్రోగ్రామ్‌లకు మార్పు సంగతి చేరవేస్తుంది. అంతకుమించి తనంతట తాను చేసేది తక్కువ. 2014లో ప్రాజెక్టు బయటికొచ్చినప్పుడు అందరి చూపూ కంటెయినర్ల మీదే ఉండేది. 2017లో 1.7 వెర్షన్‌తో సీఆర్‌డీలు (కస్టమ్ రిసోర్స్ డెఫినిషన్లు) వచ్చి, మన సొంత రకాల ఆబ్జెక్టులను సర్వర్‌కు నేర్పించే వీలు కలిగాక, ఏపీఐ సర్వర్‌కి కూడా విడిగా అభిమానులు పుట్టుకొచ్చారు. డేటాబేస్‌లు, డీఎన్ఎస్ రికార్డులు, క్లౌడ్ అకౌంట్లు అన్నిటినీ ఇదే పద్ధతిలో నడపొచ్చు కదా, కంటెయినర్లు లేకుండా ఆ సర్వర్ ఒక్కటీ దొరికితే చాలు కదా అన్నది వాళ్ల ఆలోచన.

ఆ ఆలోచనకు వచ్చిన రూపాల్లో కేసీపీ ఒకటి. 2021 మే నెలలో యూరప్ కుబ్‌కాన్ (కుబెర్నెటీస్ వాళ్ల సమావేశం) నాటికి అది ప్రోటోటైప్. 2023లో సీఎన్‌సీఎఫ్ (కుబెర్నెటీస్‌ని చూసుకునే సంస్థ) శాండ్‌బాక్స్ అనే తొలి దశలో చేరింది. ఒకే సర్వర్ లోపల బోలెడన్ని వర్క్‌స్పేస్‌లు ఉంటాయి, వాడేవాళ్లకు ఒక్కొక్కటీ విడి క్లస్టర్‌లాగే కనిపిస్తుంది. పాడ్లు (కలిసి నడిచే కంటెయినర్ల గుంపులు) ఉండవు, నోడ్లు ఉండవు. ఈ దారిలో కేసీపీ ఒంటరిదేమీ కాదు. కుబెర్నెటీస్ కోడ్‌లోనే కంటెయినర్లకు సంబంధించిన ఏపీఐలన్నీ తీసేసి చూపించే ఒక నమూనా సర్వర్ ఉంది. కాబట్టి నేను చెప్పేది ఒక్క ప్రాజెక్టుకే పరిమితం కాదు.

ఇలాంటి సర్వర్‌లో మామూలుగా దొరికేవి చెప్పుకుందాం: నేమ్‌స్పేస్‌లు (ఆబ్జెక్టులను విడదీసి పెట్టే అరలు), సీక్రెట్లు, కాన్ఫిగ్‌మ్యాప్‌లు, సర్వీస్ అకౌంట్లు, ఈవెంట్లు, రోల్‌లూ రోల్‌బైండింగ్‌లూ, సీఆర్‌డీలు, లీజులు, అడ్మిషన్ వెబ్‌హుక్ సెట్టింగులు. దొరకనివి: పాడ్లు, డిప్లాయ్‌మెంట్లు (ఫలానా పాడ్లను ఇన్ని కాపీలుగా నడపమని చెప్పేవి), జాబ్‌లు, సర్వీసులు (నెట్‌వర్క్‌లో పాడ్లను చేరుకునే పేర్లు), ఇన్‌గ్రెస్, నోడ్లు, వాల్యూమ్‌లు. ఇంతవరకు ఎవరైనా ఊహించగలరు. చిక్కంతా ఈ రెండు వరుసల మధ్యలో ఉంది.

ముందు సులువైన సంగతి చూద్దాం, ఏపీఐ లేకపోవడం. పాడ్లు లేని కంట్రోల్ ప్లేన్ మీద ఎవరో ఒక హెల్మ్ చార్ట్ (కుబెర్నెటీస్‌లో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ) ఇన్‌స్టాల్ చేయబోయారనుకోండి. చార్ట్‌లో సీఆర్‌డీల ఫోల్డర్ ఉంటే హెల్మ్ 3 ముందు వాటిని ఎక్కిస్తుంది. సర్వర్ సంతోషంగా తీసుకుంటుంది. తర్వాత మిగతా ఆబ్జెక్టుల వంతు వచ్చి డిప్లాయ్‌మెంట్ దగ్గర ఆగిపోతుంది. స్క్రీన్ మీద వచ్చే ఎర్రర్‌కి అర్థం ఇదీ: యాప్స్ గ్రూప్, వీ1 వెర్షన్‌లో డిప్లాయ్‌మెంట్ అనే రకం దొరకలేదు. దాని కిందే ఒక సలహా కూడా ఉంటుంది, ముందు సీఆర్‌డీలు ఇన్‌స్టాల్ అయ్యాయో లేదో చూసుకోండి అని. ఈ సలహా మంచిదే, కానీ రాసినవాళ్లు ఊహించిన ప్రపంచంలో డిప్లాయ్‌మెంట్ లేని సర్వర్ లేదు. చదివినవాడు దాన్ని అక్షరాలా పాటిస్తాడు. డిప్లాయ్‌మెంట్‌కి సీఆర్‌డీ ఎక్కడ దొరుకుతుందా అని వెతకడం మొదలుపెడతాడు. చార్ట్ వదిలివెళ్లిన సీఆర్‌డీలు మాత్రం సర్వర్‌లో అలాగే ఉండిపోతాయి. ఆ ఫోల్డర్‌లోంచి ఎక్కించిన సీఆర్‌డీలను హెల్మ్ తనంతట తాను తీసేయదు కాబట్టి వాటిని ఊడ్చేవాళ్లు ఎవరూ లేరు.

మా టీమ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లు ఈ మలుపు దగ్గరే తల పట్టుకోవడం నేను చూస్తుంటాను. తెలివైనవాళ్లు, కుబెర్నెటీస్ బాగా తెలిసినవాళ్లు. అసలు ఇబ్బంది ఆ తెలియడమే. చేతికి కుబ్‌సీటీఎల్ (కుబెర్నెటీస్‌కి కమాండ్లు ఇచ్చే టూల్) ఇచ్చి, లోపల ఉన్నది వాళ్లకు తెలిసిన క్లస్టర్ కాదని ఎక్కడా చెప్పకపోతే, తెలిసిన అలవాట్లన్నీ వాడతారు మరి.

అయినా నా లెక్కలో ఇది చిన్న సమస్యే. లేనిదాన్ని సర్వర్ లేదని చెప్పింది. ఎర్రర్ వచ్చింది, అదీ వెంటనే వచ్చింది. గంట వృథా అవుతుందేమో గానీ మోసం జరగలేదు. నాకు టెన్షన్ పెట్టేది దీనికి తిరగేసిన పరిస్థితి: సర్వర్ ఆబ్జెక్ట్‌ని తీసుకుంటుంది, తయారైందని చెబుతుంది, ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండదు. దరఖాస్తు తీసుకునే కిటికీ తెరిచి ఉంది, రసీదు కూడా ఇచ్చారు, లోపల గుమస్తా మాత్రం లేడు.

కుబెర్నెటీస్ నిర్మాణంలోనే ఇందుకు వీలుంది. ఆబ్జెక్ట్‌ని భద్రపరిచేది ఏపీఐ సర్వర్, దాని మీద పనిచేసేది కంట్రోలర్. మామూలు క్లస్టర్‌లో ఆ కంట్రోలర్లలో చాలావరకు కుబ్-కంట్రోలర్-మేనేజర్ అనే ఒకే ప్రోగ్రామ్‌లో ఉంటాయి కాబట్టి ఈ విడివిడి తనం మనకు కనిపించదు. ఏపీఐ సర్వర్‌ని మాత్రం తీసుకుని కొత్త కంట్రోల్ ప్లేన్ కట్టేవాళ్లు ఆ కంట్రోలర్లలో ఏవి తెచ్చుకోవాలో, ఏవి వదిలేయాలో ఒక్కొక్కటిగా తేల్చుకోవాలి. ఏపీఐ వచ్చి కంట్రోలర్ రాకపోతే ఏమవుతుందో కొంచెం దగ్గర నుంచి చూడాలి.

నేమ్‌స్పేస్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే ఇంత సాదాసీదా ఆబ్జెక్ట్ ఇంకోటి లేదనుకుంటారు. తయారు చేయడానికి నిజంగానే ఏ కంట్రోలరూ అక్కర్లేదు. తీసేయాలన్నప్పుడే తెలుస్తుంది. ప్రతి నేమ్‌స్పేస్‌కీ స్పెక్‌లో కుబెర్నెటీస్ అనే పేరుతో ఒక ఫైనలైజర్ (తనను తీసేదాకా ఆబ్జెక్ట్‌ని పోనివ్వని గుర్తు) ఉంటుంది. డిలీట్ కొట్టగానే నేమ్‌స్పేస్ టెర్మినేటింగ్ స్థితికి వెళ్తుంది. నేమ్‌స్పేస్ కంట్రోలర్ వచ్చి లోపలున్న వస్తువులన్నిటినీ రకం వారీగా తుడిచి, ఆఖర్న ఆ ఫైనలైజర్ తీసేస్తేనే అది పోతుంది. కంట్రోలర్ లేకపోతే నేమ్‌స్పేస్ టెర్మినేటింగ్‌లోనే ఏళ్ల తరబడి ఉంటుంది. అందులోకి కొత్త ఆబ్జెక్టులు పోనివ్వరు, అదే పేరుతో ఇంకోటి పెట్టనివ్వరు. "నేమ్‌స్పేస్‌లు సపోర్ట్ చేస్తాం" అని రాసిన ప్రాజెక్టు తయారీ గురించి చెప్పిందా, తొలగింపు గురించి కూడా చెప్పిందా? వాడేవాడు రెండూ ఉంటాయనే అనుకుంటాడు, అనుకునే హక్కు కూడా అతనికి ఉంది.

ఓనర్ రిఫరెన్సుల కథ ఇంతకంటే మెలిక. ఒక ఆబ్జెక్ట్ ఇంకోదానికి చెందుతుందని రాయడం ఏపీఐలో ఒక ఫీల్డ్, అంతే. ఏ సర్వర్ అయినా దాన్ని దాస్తుంది. యజమాని పోతే పిల్లల్ని కూడా తీసేయాలన్న పని గార్బేజ్ కలెక్టర్‌ది. అది నడవని చోట యజమానిని మామూలుగా తీసేస్తే పిల్లలు అనాథలై మిగిలిపోతారు, ఎర్రర్ ఉండదు. ఫోర్‌గ్రౌండ్ పద్ధతిలో తీసేస్తే దీనికి పూర్తి తలకిందులు: యజమాని మీద పడిన ఫోర్‌గ్రౌండ్ డిలీషన్ ఫైనలైజర్‌ని తీసేవాడు లేక యజమానే ఇరుక్కుపోతుంది. డిలీట్ కమాండ్‌లో ఒక్క ఆప్షన్ తేడాతో చెత్త మిగలడమో, తలుపు బిగుసుకుపోవడమో జరుగుతుంది. ఇది ఏపీఐల జాబితాలో ఏ వరుసలో రాస్తారు? గార్బేజ్ కలెక్షన్ ఒక ఆబ్జెక్ట్ కాదు, దానికి విడిగా ఏపీఐ లేదు. అందుకే పేర్ల జాబితాలు దీన్ని పట్టించుకోవు. కేసీపీ లాంటి ప్రాజెక్టులు దీన్ని వర్క్‌స్పేస్‌ల మధ్య సరిగ్గా నడపడానికి చాలా శ్రమ పడాల్సి వచ్చింది. ఆ శ్రమ పడ్డ సంగతి జాబితాలో కనపడకపోతే వాళ్లకే నష్టం.

సర్టిఫికెట్ సైనింగ్ రిక్వెస్ట్ (డిజిటల్ సర్టిఫికెట్ కోసం పెట్టే దరఖాస్తు) కూడా ఇదే కోవలోది. దరఖాస్తు పెడతారు, ఎవరో అప్రూవ్ చేస్తారు, స్థితిలో అప్రూవ్డ్ అని పడుతుంది. సంతకం చేసే సైనర్ నడవకపోతే సర్టిఫికెట్ ఫీల్డ్ ఖాళీగానే ఉంటుంది.

రిసోర్స్ కోటాలో ఇంకో రకం చిక్కు ఉంది, సగం సపోర్ట్. కోటా అంటే చాలామందికి సీపీయూ, మెమరీ గుర్తొస్తాయి. కానీ ఆబ్జెక్టులను లెక్కపెట్టే కోటా కూడా ఉంది. ఒక నేమ్‌స్పేస్‌లో ఇన్ని కాన్ఫిగ్‌మ్యాప్‌లకు మించి ఉండకూడదని చెప్పొచ్చు. 1.15 వెర్షన్ నుంచి మన సొంత సీఆర్‌డీ రకాలకు కూడా ఈ లెక్క వర్తిస్తుంది. పాడ్లు లేని చోట ఇది చాలా పనికొచ్చే సంగతి. ఒక టీమ్ పొరపాటున లూప్‌లో పడి వేల ఆబ్జెక్టులు సృష్టించకుండా ఆపేది ఇదే. అదే ఆబ్జెక్ట్‌లో సీపీయూ పరిమితి రాస్తే సర్వర్ దాన్నీ తీసుకుంటుంది. వాడకం మాత్రం ఎప్పటికీ పెరగదు, లెక్కపెట్టడానికి పాడ్లే లేవు కదా. కాబట్టి "రిసోర్స్ కోటా: ఉంది" అనేది కూడా, "లేదు" అనేది కూడా తప్పుదారే. లెక్కపెట్టే కోటా పనిచేస్తుంది, సీపీయూ మెమరీ కోటాకు అర్థం లేదు అని రెండు ముక్కలు రాస్తే సరిపోతుంది. ఆ రెండు ముక్కలు రాసే మనిషి దొరకడమే కష్టం.

లిమిట్ రేంజ్‌కైతే పరిమితి పెట్టడానికి పాడ్, కంటెయినర్, వాల్యూమ్ క్లెయిమ్ తప్ప వేరే చోటు లేదు. అవేవీ లేని సర్వర్‌లో లిమిట్ రేంజ్ ఉంటే అది వారసత్వంగా వచ్చిన సామాను. కోర్ గ్రూప్‌లో భాగంగా తీసుకొచ్చారు, విడదీయడం బద్ధకమై ఉంచేశారు. ఉంచడం తప్పనను. "ఉంది, దేనికీ పనికిరాదు" అని రాయడానికి మొహమాటం ఎందుకో నాకు అర్థం కాదు.

వెబ్‌హుక్‌ల (రిక్వెస్టును ఒప్పుకునే ముందు సర్వర్ సంప్రదించే బయటి ప్రోగ్రామ్‌ల) దగ్గరికొస్తే, సెట్టింగులో వెబ్‌హుక్ ఎక్కడుందో రెండు రకాలుగా చెప్పొచ్చు: క్లస్టర్‌లోని ఒక సర్వీస్ పేరు చెప్పడం, లేదా నేరుగా యూఆర్ఎల్ ఇవ్వడం. సర్వీసులే లేని చోట మొదటి దారి గోడకు తగులుతుంది. కానీ బయట దొరికే ఉదాహరణలు, చార్ట్‌లు దాదాపు అన్నీ ఆ మొదటి దారిలోనే రాసి ఉంటాయి. ఇక్కడ ఏపీఐ ఉంది, దాని మీద పనిచేసే కోడ్ కూడా ఉంది, ఆబ్జెక్ట్‌లో ఒక ఫీల్డ్ మాత్రం చచ్చుబడింది. పైగా ఫెయిల్యూర్ పాలసీ ఫెయిల్ అని ఉంటే ఆ వెబ్‌హుక్ పరిధిలోకి వచ్చే ప్రతి రిక్వెస్టూ తిరస్కరణే. ఇగ్నోర్ అని ఉంటే ఏ తనిఖీ జరగకుండానే అన్నీ లోపలికి పోతాయి. భద్రత కోసం పెట్టుకున్న తనిఖీ విషయంలో ఈ రెండోది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

అన్నీ ఇలాంటివే అనుకోకండి. సర్వీస్ అకౌంట్‌ని చూస్తే పాడ్లు లేని చోట ఇదెందుకు అనిపిస్తుంది. నిజానికి బయట ఎక్కడో నడిచే కంట్రోలర్‌కి ఈ సర్వర్ దగ్గర ఒక గుర్తింపు కావాలంటే అదే దారి. టోకెన్ రిక్వెస్ట్ ద్వారా కాలపరిమితి ఉన్న టోకెన్ తీసుకోవచ్చు, రోల్‌బైండింగ్‌తో అనుమతులు ఇవ్వొచ్చు. కాకపోతే 1.24కి ముందు అలవాటు ప్రకారం అకౌంట్ పెట్టగానే టోకెన్ సీక్రెట్ దానంతటదే వస్తుందని ఎదురుచూస్తే రాదు. లీజులు కూడా అంతే. ఎవరూ వాటి గురించి మాట్లాడరు, కానీ ఒకే కంట్రోలర్‌ని రెండు మూడు కాపీలుగా నడుపుతూ వాటిలో ఒకటే పనిచేయాలంటే లీడర్ ఎలక్షన్‌కి లీజు కావాలి. జాబితాలో లీజు కనిపించిందంటే నాకు సగం ధైర్యం వచ్చినట్టే.

ఇదంతా చెబితే వచ్చే మొదటి జవాబు: "కుబ్‌సీటీఎల్ ఏపీఐ-రిసోర్సెస్ కొట్టు, అన్నీ కనిపిస్తాయి." ఈ మాట అనేవాళ్లలో నేను గౌరవించే ఇంజినీర్లు ఉన్నారు కాబట్టి తేలిగ్గా తీసిపారేయను. ఆ కమాండ్ వెనకున్న డిస్కవరీ (తన దగ్గరున్న రకాల జాబితాని సర్వరే ఇచ్చే ఏర్పాటు) నిజమే చెబుతుంది. రకం పేరు, గ్రూప్, వెర్షన్, నేమ్‌స్పేస్ లోపలిదా బయటిదా, గెట్ లిస్ట్ వాచ్ లాంటి క్రియల్లో ఏవి ఒప్పుకుంటుంది, ఇవన్నీ అందులో ఉంటాయి. లేనిదల్లా ఆ ఆబ్జెక్ట్ కోసం లోపల ఎవరైనా పనిచేస్తున్నారా అన్నది. పైన చెప్పిన నేమ్‌స్పేస్, కోటా, సర్టిఫికెట్ ఉదాహరణలన్నిటిలోనూ డిస్కవరీ జవాబు ఒక్కటే: ఉంది.

ఇంకో లోపం కేసీపీ లాంటి చోట బాగా బయటపడుతుంది. అక్కడ ప్రతి వర్క్‌స్పేస్‌కీ డిస్కవరీ వేరు. ఒక టీమ్ తన ఏపీఐని ఏపీఐ ఎక్స్‌పోర్ట్‌గా బయట పెడుతుంది, ఇంకో వర్క్‌స్పేస్ ఏపీఐ బైండింగ్‌తో దాన్ని తెచ్చుకుంటుంది. తెచ్చుకున్న మరుక్షణం అది కూడా అదే జాబితాలో, సీక్రెట్ల పక్కనే, ఏ తేడా లేకుండా కనిపిస్తుంది. ఏది సర్వర్‌తో పుట్టిందో, ఏది పక్క టీమ్ ఇచ్చిందో, ఏది మొన్న ఎవరో సీఆర్‌డీగా ఎక్కించారో కమాండ్ చెప్పదు. ఈ తేడా తెలియడం ఎందుకంటే బాధ్యత తేడా ఉంది కాబట్టి. సీక్రెట్లు పనిచేయకపోతే ప్రాజెక్టువాళ్లను అడగాలి. బైండింగ్‌తో వచ్చింది పనిచేయకపోతే అది ఇచ్చిన టీమ్‌ని అడగాలి. నా ముందున్న ఈ ఒక్క వర్క్‌స్పేస్‌లో ఈ క్షణాన ఏముందో డిస్కవరీ చెబుతుంది. ఈ సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ ఏమిస్తానని ఒప్పుకుందో చెప్పడం దాని పని కాదు.

రెండో జవాబు కొంచెం గడుసుది. "డిప్లాయ్‌మెంట్ కావాలా? దాన్ని సీఆర్‌డీగా ఎక్కించుకో, ఏ ఏపీఐ అయినా సీఆర్‌డీయేగా." సూత్రప్రాయంగా నిజం. డిప్లాయ్‌మెంట్ ఆబ్జెక్టులను ఇక్కడ దాచి, వేరే చోట ఉన్న క్లస్టర్‌కి చేరవేసే కంట్రోలర్ ఉంటే ఇది ఉపయోగమే. కానీ సీఆర్‌డీగా వచ్చిన డిప్లాయ్‌మెంట్, పుట్టుకతో ఉన్న డిప్లాయ్‌మెంట్ ఒకటి కాదు. సీఆర్‌డీకి దొరికే సబ్‌రిసోర్సులు స్టేటస్, స్కేల్ రెండే. పాడ్‌ని ఎలాగోలా తెచ్చినా లాగ్స్ చూడటం, ఎగ్జెక్ (లోపల కమాండ్ నడపడం) రావు. ఇంకో చిన్న విషయం చాలామందిని కాటేస్తుంది. డిప్లాయ్‌మెంట్‌లో కంటెయినర్ల జాబితా ఉంటుంది కదా. పుట్టుకతో ఉన్న డిప్లాయ్‌మెంట్‌కి స్ట్రాటజిక్ మెర్జ్ ప్యాచ్ (మార్చాల్సినంతవరకే రాసి పంపే ఒక పద్ధతి) పంపితే సర్వర్ కంటెయినర్ పేరు చూసి, ఆ ఒక్కదాన్నే మారుస్తుంది, మిగతావి ముట్టుకోదు. మామూలు సీఆర్‌డీ ఈ రకం ప్యాచ్‌నే ఒప్పుకోదు, 415 ఎర్రర్ ఇస్తుంది. సరేలే అని స్క్రిప్టులో మామూలు మెర్జ్ ప్యాచ్‌కి మారిస్తే ఎర్రర్ పోతుంది, దాంతోపాటు మనం ప్యాచ్‌లో రాయని కంటెయినర్ కూడా పోతుంది, ఎందుకంటే ఆ పద్ధతిలో జాబితా మొత్తం మారిపోతుంది. పక్కన లాగ్‌లు పంపే సైడ్‌కార్ ఉండేది, ఇప్పుడు లేదు. దీన్ని "అదే ఏపీఐ" అని ఎలా అంటాం?

వీటికి తోడు పాత సమాచారం. కేసీపీ తొలి రోజుల్లో ఆబ్జెక్టులను అసలైన క్లస్టర్లకు పంపించి నడిపే ఒక పెద్ద భాగం ఉండేది. అప్పటి డెమోలలో డిప్లాయ్‌మెంట్ పెట్టగానే ఎక్కడో పాడ్లు లేచేవి. 2023లో ఆ భాగాన్ని ప్రాజెక్టులోంచి తీసేశారు. తీసేయడం నా దృష్టిలో మంచి నిర్ణయం, ప్రాజెక్టు ఒక పని మీద నిలబడింది. కానీ పాత వీడియోలు, పాత పోస్టులు ఎక్కడికీ పోలేదు. అవి చూసి వచ్చినవాడికి "ఇప్పుడు ఇది ఉండదు, ఫలానా అప్పటినుంచి లేదు" అని చెప్పే ఒక్క అధికారిక పేజీ కావాలి. ఉన్నవాటి జాబితా ఎంత చక్కగా రాసినా ఈ పని చేయదు. లేనివాటిని కూడా పేరు పెట్టి రాయాలి, కారణంతో సహా. పాడ్లు ఉండవు, ఎందుకంటే వాటిని నడిపేది ఇక్కడ లేదు. ఏపీఐ సర్వీస్‌తో వేరే సర్వర్‌ని కలుపుకోవడం కుదురుతుందా కుదరదా, అది కూడా రాయాలి. ఎవరైనా ఆశించే అవకాశమున్న ప్రతిదానికీ అవునో కాదో ఒక జవాబు ఉండాలి.

"జాబితా రాస్తే ఆర్నెల్లలో పాతబడుతుంది" అన్నది మూడో అభ్యంతరం, ఇందులో బలం ఉంది. ఇలాంటి ప్రాజెక్టులు కుబెర్నెటీస్ కోడ్ మీద నిలబడతాయి, ప్రతి కొత్త వెర్షన్‌కీ కింద నేల కదులుతుంది. 1.22లో ఇన్‌గ్రెస్ బీటా వెర్షన్లు, సీఆర్‌డీ బీటా వెర్షన్ పోయాయి. 1.24 నుంచి కొత్త బీటా ఏపీఐలు డిఫాల్ట్‌గా ఆన్ కావడం మానేశాయి. 1.25లో పాడ్ సెక్యూరిటీ పాలసీ వెళ్లిపోయింది. 1.30లో వాలిడేటింగ్ అడ్మిషన్ పాలసీ (తనిఖీని సర్వర్ లోపలే చేసే నియమాలు) స్థిరపడింది, వెబ్‌హుక్ నడపడానికి చోటులేని కంట్రోల్ ప్లేన్‌లకు అదొక పెద్ద వరం. చేత్తో రాసిన పేజీ ఈ పరుగు అందుకోలేదు, ఒప్పుకుంటాను. అందుకే పేర్లూ వెర్షన్లూ చేత్తో రాయొద్దంటాను. ఖాళీ సర్వర్‌ని లేపి, డిస్కవరీ అడిగి, వచ్చిన జాబితాని రిలీజ్‌తో పాటు పేజీలో దించే స్క్రిప్టు రాయడం పెద్ద పనేమీ కాదు. కొత్త పేరు వచ్చి దాని పక్కన వివరణ లేకపోతే బిల్డ్ ఆగిపోవాలి. అప్పుడు ఎవరో ఒకరు కూర్చుని "దీని మీద ఎవరు పనిచేస్తారు" అన్న ప్రశ్నకు జవాబు రాయక తప్పదు. మనిషి రాయాల్సింది ఆ ఒక్క గడే.

దానికి టెస్టులు కూడా అదే దారిలో ఉండాలి. ఆబ్జెక్ట్ తయారైందా అని చూసే టెస్ట్ దాదాపు ఏమీ చూడనట్టే. నేమ్‌స్పేస్ పెట్టి, అందులో ఒక కాన్ఫిగ్‌మ్యాప్ పెట్టి, నేమ్‌స్పేస్ తీసేసి, రెండూ పోయాయా అని చూడాలి. కోటా పెట్టి, పరిమితి దాటిన ఆబ్జెక్ట్ తిరస్కరణకు గురైందా అని చూడాలి. డిప్లాయ్‌మెంట్ ఉండకూడదంటే అది లేదని కూడా ఒక టెస్ట్ చెప్పాలి. లేకపోతే రేపు కింది కోడ్ అప్‌డేట్‌లో అనుకోకుండా ఏదో గ్రూప్ ఆన్ అయి కూర్చుంటుంది, దానికి కంట్రోలర్ ఉండదు, మళ్లీ అదే కిటికీ.

మామూలు కుబెర్నెటీస్ డిస్ట్రిబ్యూషన్లకు ఈ బాధ తక్కువ. 2017 నుంచి సీఎన్‌సీఎఫ్ కన్ఫార్మెన్స్ ప్రోగ్రామ్ ఉంది. ఆ పరీక్షలు పాసైతే ఏముంటుందో అందరికీ తెలుసు. కానీ ఆ పరీక్షల్లో చాలావరకు పాడ్లు నడిపి చూసేవే, కాబట్టి పాడ్లు లేని కంట్రోల్ ప్లేన్ అందులో కూర్చోనే కూర్చోలేదు. వీటికంటూ విడిగా అందరూ ఒప్పుకున్న కొలబద్ద లేనంతకాలం ప్రాజెక్టు తన గురించి తాను రాసుకునే పేజీయే కొలబద్ద. అందుకే ఆ పేజీ మీద ఇంత పట్టుదల.

ఇక నాకు కాస్త కష్టంగా తోచే అభ్యంతరం ఒకటుంది. జాబితా రాయడమంటే మాట ఇవ్వడం. ఇవాళ లిమిట్ రేంజ్ ఉందని రాస్తే రేపు తీసేసేటప్పుడు ఎవరో అడ్డొస్తారు. కుబెర్నెటీస్‌లోనైతే స్థిరపడిన వెర్షన్‌ని అదే మేజర్ వెర్షన్‌లో తీసేయరాదన్న నియమం ఉంది, బీటాకి కూడా తొమ్మిది నెలలో మూడు రిలీజులో గడువు ఇవ్వాలి. చిన్న ప్రాజెక్టు, ఉన్నది నలుగురు మెయింటెయినర్లు, వాళ్ల నెత్తిన ఈ బరువెందుకు అంటారు. సానుభూతి ఉంది. కానీ రాయకపోతే బరువు తగ్గదు. వాడేవాళ్లు కనిపించిన ప్రతిదాన్నీ మాటగానే తీసుకుంటారు, డిస్కవరీలో ఉంది కదా అని దాని మీద కట్టేస్తారు. రాతలో ఉంటే కనీసం "ఇది వారసత్వంగా వచ్చింది, తీసేయొచ్చు, దీని మీద కట్టొద్దు" అని ముందే చెప్పే చోటు ఉంటుంది. మెయింటెయినర్‌కి చేతులు కట్టేసే జాబితా అని భయపడుతున్నారు గానీ, వద్దనే హక్కు అతనికి దొరికేది కూడా ఆ జాబితాలోనే.

నేనే రాయాల్సి వస్తే ఒక్కో వరుస ఇలా ఉంటుంది. సీక్రెట్: దాస్తాం, అనుమతులు అమలవుతాయి, ఈటీసీడీలో ఎన్‌క్రిప్ట్ చేయడం మీరు సెట్ చేసుకోవాలి, పాడ్‌లోకి ఎక్కించడం ఉండదు. నేమ్‌స్పేస్: తయారీ, తొలగింపు రెండూ పూర్తిగా, లోపలి సీఆర్‌డీ ఆబ్జెక్టులతో సహా. రిసోర్స్ కోటా: ఆబ్జెక్టుల లెక్కకు మాత్రమే. వెబ్‌హుక్: యూఆర్ఎల్‌తో మాత్రమే, సర్వీస్ పేరుతో పెడితే అక్కడికక్కడే తిప్పి కొడతాం. ఈ ఆఖరిది రాతతో ఆగకూడదు, కోడ్‌లో చేయాల్సిన పని. పనిచేయదని తెలిసిన ఫీల్డ్‌ని సర్వర్ తీసుకోవడమే తప్పు, డాక్యుమెంటేషన్‌లో ఎంత పెద్ద అక్షరాలతో హెచ్చరించినా సరే. లిమిట్ రేంజ్‌ని నేనైతే వచ్చే రిలీజ్‌లో తీసేస్తాను. ఎవరైనా వాడుతున్నామంటే దేనికి వాడుతున్నారో ముందు అడుగుతాను. పాడ్లు లేని చోట దానితో ఏం సాధించారో తెలుసుకోవాలని నిజంగానే కుతూహలంగా ఉంది.